సంకల్పంలో ఖాళీలు పిల్లల చేత నింపిద్దాం

ఏ పూజ పుస్తకం తెరిచినా సంకల్పం (పూజ మొదట్లో కాలం, చోటు, మన గోత్రం, పేరు చెప్పుకునే భాగం) దగ్గరికి వచ్చేసరికి వరసగా చుక్కలు కనిపిస్తాయి. ...నామ సంవత్సరే, ...అయనే, ...ఋతౌ, ...మాసే, ...పక్షే, ...తిథౌ, ...వాసరే. చాలామందిమి అక్కడ గొంతు తగ్గించి గబగబా దాటేస్తాం, లేదంటే పంతులుగారి వైపు చూస్తాం. నాకు మాత్రం పూజ మొత్తంలో ఇష్టమైన చోటు అదే. ధ్యానం, ఆవాహనం, నైవేద్యం ఏటా అవే మాటలు. ఈ చుక్కల్లో మాత్రం ఇవాళ్టిది ఇవాళే చూసి చెప్పాలి.

ఇంట్లో ఐదారేళ్ల పిల్లలుంటే ఈ చూసి చెప్పే పని వాళ్లకే అప్పగించండి. సంవత్సరం, అయనం, ఋతువు రోజూ మారేవి కావు కాబట్టి ఒక అట్ట మీద రాసి దేవుడి గూటి పక్కన పెడితే చాలు. పిల్లలు రోజూ మార్చాల్సింది వారం, తిథి. మొదట కొన్నాళ్లు వారం ఒక్కటే చాలు. ఏడు చీటీలు రాయించండి: భానువాసరే, ఇందువాసరే, భౌమవాసరే, సౌమ్యవాసరే, బృహస్పతివాసరే, భృగువాసరే, స్థిరవాసరే. స్నానం చేసి వచ్చి ఆ రోజు చీటీ తీసి దీపం ముందు పెట్టి పైకి చదవాలి. అంతే పని.

తిథికి గోడ క్యాలెండర్ ఉండనే ఉంది. కానీ మన క్యాలెండర్‌లో ఒక్కో గడి ఎలా ఉంటుందో తెలిసిందే కదా. నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, వాటి మీద పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ! పిల్లల పెన్సిల్‌కి అందులో చోటుండదు. వాళ్లకో తెల్ల కాగితం ఇచ్చి, సీసా మూత పెట్టి పాడ్యమి నుంచి పదిహేను గుండ్రాలు గీయించండి. తడి పసుపులో వేలు ముంచి, ఆ రోజు చంద్రుడు ఎంత కనిపిస్తే అంత పూయాలి. విదియ, తదియ నాడు సూర్యుడు దిగగానే పడమటి వైపు చూస్తే సన్నటి నెలవంక దొరుకుతుంది. పున్నమి నాడు ఇటు సూర్యుడు దిగే వేళకి అటు తూర్పున చంద్రుడు లేస్తాడు. పున్నమి తర్వాతి కృష్ణపక్షంలోనే చిక్కు, చంద్రుడు వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. అప్పుడు అష్టమి దాకా పొద్దున స్కూల్ ఆటో కోసం నిలబడినప్పుడు పడమర వైపు చూపించండి, పాలిపోయి కనిపిస్తాడు. మబ్బు పట్టిన రోజు గుండ్రం ఖాళీగానే వదిలేయాలి. క్యాలెండర్ చూసి పూయడం తొండాట.

రాహుకాలం, వర్జ్యం జోలికి ఇప్పుడే పోవద్దని నా అభిప్రాయం. కాలాన్ని చూసి భయపడటం ఆ వయసులో నేర్పాల్సిన విద్య కాదు.

కొన్నాళ్లకి ఒక ప్రశ్న వస్తుంది. "నిన్న షష్ఠి కదా, ఇవాళ అష్టమి ఎలా అయింది?" సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. చంద్రుడి వేగం ఎప్పుడూ ఒకేలా ఉండదు కాబట్టి ఒక తిథి దాదాపు 19 గంటల్లో అయిపోవచ్చు, ఇంకొకటి 26 గంటల దాకా సాగవచ్చు. సూర్యోదయానికి ఉన్న తిథినే ఆ రోజుకి చెప్పుకుంటాం. అందుకే సూర్యోదయం తర్వాత మొదలై మర్నాటి సూర్యోదయంలోపే ముగిసిపోయే తిథి మన లెక్కలోకి రాకుండా పోతుంది. విదేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి సూర్యోదయానికి గుణించిన పంచాంగమే చూడాలి. మన పండుగ ఒక్కోసారి వాళ్లకి ముందు తేదీనే వచ్చేది ఇందుకే.

2026 మార్చి 19 నాటి ఉగాదితో వచ్చింది పరాభవ నామ సంవత్సరం. అరవై ఏళ్ల చక్రంలో ఇది కిందటిసారి వచ్చింది 1966లో. ఆ ఏడు ఉగాది తర్వాత పుట్టిన తాతయ్యో అమ్మమ్మో ఇంట్లో ఉంటే, అట్ట మీద ఆ పేరు రాసే పని వాళ్లకే ఇవ్వండి.

చోటు చెప్పే భాగంలో మన ప్రాంతం వాళ్లకి శ్రీశైలమే గుర్తు. హైదరాబాద్ వాళ్లు "శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే" అంటారు, విజయవాడ వాళ్లు ఈశాన్య అంటారు, తిరుపతి వాళ్లు ఆగ్నేయ అనాలి. మ్యాప్ మీద శ్రీశైలం దగ్గర గుండుసూది గుచ్చి మీ ఊరిదాకా దారం లాగితే పిల్లలకి దిక్కులు వాటంతటవే వస్తాయి.

ఇదంతా నేర్చుకున్న పిల్ల ఒకరోజు అడిగి తీరుతుంది: "మనం ఎక్కడున్నామో దేవుడికి తెలీదా?" తెలుసు. తెలియనిది మనకే. చెయ్యి వత్తి వెలిగిస్తుంటుంది, మనసు టిఫిన్ డబ్బా మీద ఉంటుంది. ఆ నాలుగు ముక్కలూ పైకి చెబితే మనం కూడా వచ్చి ఆ పీట మీద కూర్చుంటాం. ఆ క్రమం చూడండి. 432 కోట్ల ఏళ్ల శ్వేతవరాహ కల్పం దగ్గర మొదలుపెట్టి మన్వంతరం, కలియుగం, మాసం, పక్షం మీదుగా మంగళవారం దాకా దిగుతాం. జంబూద్వీపం నుంచి మన ఇంటి గడప దాకా వస్తాం. అంత కాలం, అంత చోటు చెప్పాక చివర ఆ పిల్ల గోత్రం, పేరు వస్తాయి. కల్పాన్ని పలికిన నోటితోనే తన పేరూ పలుకుతుంది. నేను ఏమంత లెక్కలో ఉన్నానని అనుకోవడం, అంతా నేనే అనుకోవడం, రెండూ ఆ వరసలో ఇమడవు. "తిథేశ్చ శ్రియమాప్నోతి" అని ఉగాదికి చదివే శ్లోకం తిథి తెలిస్తే సంపద, వారం తెలిస్తే ఆయుష్షు అంటుంది. ఇవాళ ఏ రోజో గుర్తుపెట్టుకుని బతికిన రోజు మాత్రం నిజంగానే మన ఆయుష్షులో పడుతుందని నాకనిపిస్తుంది.

ఆడపిల్లల చేత కూడా గోత్రం, పేరు గట్టిగా చెప్పించండి. తర్వాత ఏం కావాలో అడుగు అంటే కొత్త సైకిల్ అంటారు, రేపు స్కూల్‌కి సెలవు అంటారు. అననివ్వండి, దిద్దకండి.