పచ్చికలో పుట్టగొడుగుల లెక్క: ముందు చెడిపోయేది ముందు రాయండి

పుట్టగొడుగుల రికార్డులు పనికిరాకుండా పోయేది పేరు తెలియక కాదు. పేరు తేల్చే గుర్తులు ఇంటికి చేరేలోపే మాయమవుతాయి, వాటిని అక్కడే ఎవరూ రాసిపెట్టుకోరు. ఉత్తర ఐరోపా పాత పచ్చిక బయళ్లలో శరదృతువులో వచ్చే, మైనం పూసినట్టుండే పుట్టగొడుగులైన వాక్స్‌క్యాప్‌లకు ఇది మరీ వర్తిస్తుంది. దున్నని, ఎరువు పడని, పశువులు పొట్టిగా మేసిన నేలే వాటికి నచ్చుతుంది. నత్రజని, భాస్వరం ఎరువులు పడ్డ చోట దశాబ్దాల పాటు తిరిగి రాకపోవచ్చు. అందుకే ఒక పచ్చిక చెక్కలో ఏమేం మొలిచాయన్న జాబితా ఆ నేల గతం గురించి చాలా చెబుతుంది.

వాక్స్‌క్యాప్‌లతో పాటు మరో నాలుగు గుంపులను వెతకాలి: పుల్లల్లా, కొమ్మల్లా లేచే క్లావేరియా రకాలు, ఎంటొలోమాలు, నల్లటి నాలుకల్లాంటి జియోగ్లాసమ్‌లు, డెర్మోలోమాలు. ఈ అయిదింటినీ కలిపి, వాటి శాస్త్రీయ నామాల మొదటి ఇంగ్లిష్ అక్షరాలతో, చెగ్డ్ (CHEGD) అంటారు. నల్ల నాలుకలు నిలబడి చూస్తే కనిపించవు, మోకాళ్ల మీద కూర్చోవాల్సిందే. పదిరెట్ల భూతద్దంలో కాడ మీద సన్నటి నల్లటి నూగు కనిపిస్తే అది ట్రైకోగ్లాసమ్ కావచ్చు.

పుట్టగొడుగును తుంచకండి. కత్తిమొనతో మట్టిలోంచి అడుగుతో సహా లేపండి. ముట్టుకోకముందే పైనుంచి ఒక ఫొటో, పక్కనుంచి ఒకటి. లేపాక మొప్పల (గొడుగు అడుగున ఉండే పలచటి రేకుల) వైపు ఒకటి, నిలువుగా చీల్చి ఒకటి. ప్రతి ఫొటోలో స్కేలు ఉండాలి. ఫోన్ కెమెరాలు ఎరుపు, నారింజ రంగులను ఇష్టమొచ్చినట్టు ముదురు చేస్తాయి కాబట్టి పక్కన తెల్ల కార్డు ఒకటి పెట్టండి, ఎండ నేరుగా పడుతుంటే గొడుగు నీడ పట్టండి. ఆ వెంటనే నోట్‌బుక్‌లో ఇవి పడాలి: పుట్టగొడుగు పైనుండే గొడుగు జిగురుగా ఉందా పొడిగా ఉందా, కాడ జిగురుగా ఉందా, మొప్పలు కాడను అంటుకున్నాయా, అంటకుండా ఆగాయా, కాడ మీదుగా కిందికి జారాయా, నలిపితే రంగు మారిందా, వాసన ఏమిటి.

వాసన ఎందుకంటారా? తెల్లటి చిన్న వాక్స్‌క్యాప్‌లు రెండు చూపుకు దాదాపు ఒకటే. కఫోఫిల్లస్ వర్జినియస్‌కు చెప్పుకోదగ్గ వాసన ఉండదు, కఫోఫిల్లస్ రుస్సోకొరియేసియస్ మాత్రం పెన్సిల్ చెక్కినప్పటి దేవదారు వాసన వేస్తుంది. ఫొటోలో ఈ తేడా పట్టుకునే మార్గమే లేదు. హైగ్రోసైబె కోనికా నలిపిన చోట, ముదిరినప్పుడు నల్లబడుతుంది. చిలకపచ్చ వాక్స్‌క్యాప్, అంటే గ్లియోఫోరస్ సిట్టాసినస్, మరీ మోసగత్తె. పచ్చదనం వెలిసి పసుపుకో గులాబీకో తిరుగుతుంది. కాడ పైభాగంలో, మొప్పల కిందుగా, కాస్త ఆకుపచ్చ ఆఖరుదాకా నిలుస్తుంది. ముందు అక్కడ చూడండి.

ఎంటొలోమాలకు సిద్ధబీజాల (మొప్పల నుంచి రాలే, విత్తనాల్లాంటి సన్నటి పొడి) ముద్ర తీయక తప్పదు. కాడ కోసేసి, గొడుగును మొప్పలు కిందికి వచ్చేలా గాజు పలక మీద బోర్లించి, పైన ఒక నీటిచుక్క వేసి, కప్పు మూతపెట్టి రాత్రంతా వదిలేయండి. కాగితం కన్నా గాజు మేలు: కింద నల్ల కాగితం, తెల్ల కాగితం మార్చి చూడొచ్చు, బ్లేడుతో గీకి మైక్రోస్కోపు కిందా పెట్టొచ్చు. ఎంటొలోమా ముద్ర మాసిన గులాబీ రంగు, వాక్స్‌క్యాప్‌లది, డెర్మోలోమాది తెలుపు. లేత మొప్పలు తెల్లగా ఉండగానే కోసినా, ఎండి వడిలినా ముద్ర పడదు.

నమూనాలు ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమటపట్టి గంటల్లో ముద్దవుతాయి. గళ్ల డబ్బాలో అడుగున నాచు వేసి, గడికొకటి పెట్టండి. ఎండబెట్టడానికి 40 డిగ్రీలు చాలు, పుల్లలా విరిగేదాకా. వేడి ఎక్కువైతే ఎండదు, ఉడుకుతుంది. తర్వాత సిలికా జెల్‌తో మూసిన సంచిలోకి. చీటీ పెన్సిల్‌తో రాయండి, దాని మీద, ఫొటోకు, నోట్‌బుక్‌లో ఒకే నంబరు.

లెక్క దగ్గర ఒక చిక్కుంది. మట్టిలో ఒకే శిలీంధ్రజాలం (సన్నటి దారాల అల్లిక) పదుల కొద్దీ గొడుగులు లేపగలదు. కాబట్టి గొడుగులు ఎన్ని, అవి ఎన్ని గుంపులుగా ఉన్నాయి అన్నవి రెండూ విడివిడిగా రాయండి. జీపీఎస్ అక్షాంశ రేఖాంశాలు దశాంశానికి అయిదు స్థానాల దాకా తీసుకోండి. అంత ఖచ్చితత్వం ఫోన్‌కు ఉండదు, కాబట్టి అది చూపించే మీటర్ల తేడానూ పక్కన వేయండి. గడ్డి ఎత్తు, ఎంతసేపు తిరిగారు, ఎంతమంది వెతికారు అన్నది చాలామంది వదిలేస్తారు. పొట్టి గడ్డిలో దొరికినవాటిని మరుసటి ఏడు కోయని గడ్డిలో దొరికినవాటితో పోల్చి "తగ్గిపోయాయి" అనడం అన్యాయం. వెతికినా ఏమీ దొరకని రోజు కూడా నమోదు కావాలి. రెండు వారాలకోసారి వెళ్లండి: ఒక్కసారి చూస్తే ఆ వారం మొలిచినవే జాబితాకెక్కుతాయి, ముందూ వెనకా వచ్చినవి తప్పిపోతాయి.

మిగతా జీవులూ అదే నడకలో చేరతాయి. మంచు పట్టిన పొద్దుట సాలెగూళ్లు వాటంతటవే కనిపిస్తాయి. పేడకుప్పను పుల్లతో విప్పితే లోపల అఫోడియస్ పురుగులు, కింది మట్టిలో జియోట్రూప్స్ అనే పేడపురుగులు తవ్విన సొరంగాలు ఉండొచ్చు. చూశాక మళ్లీ కప్పేయండి. చూశారా, కూత విన్నారా, రెట్ట మాత్రమే కనిపించిందా అన్నది ప్రతి పేరు పక్కనా ఉండాలి.

పేరు తేలకపోతే ఊహించి జాతి దాకా వెళ్లకండి, ప్రజాతి (పేరులో మొదటి మాట) దగ్గరే ఆపండి. ఎండబెట్టిన ముక్క, ముద్ర, నోట్లు భద్రంగా ఉంటే ఆ పేరును తర్వాత ఎవరైనా పూర్తిచేయగలరు.