పడకగదిలో పద్యాల రికార్డింగ్: ఇప్పటిదాకా జరిగిన పని

మా పడకగది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. స్లాబు ఎత్తు కూడా 10 అడుగులే. గొడవంతా ఆ రెండు పదుల దగ్గరే. గోడకీ గోడకీ మధ్య ఎంత దూరమో నేలకీ స్లాబుకీ మధ్య కూడా అంతే ఉంటే, రెండు దిక్కులా ఒకే ఫ్రీక్వెన్సీలు (సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో చెబుతారు) పేరుకుంటాయి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. ఆ లెక్కన 10 అడుగులు పోయి తిరిగి రావడానికి సరిపోయే మొదటి ఫ్రీక్వెన్సీ 56 హెర్ట్జ్, దాని రెట్టింపు 112. మగగొంతు తిరిగేది ఈ 112 చుట్టుపక్కలే. అందుకే పద్యం ఎత్తుకుంటే కొన్ని అక్షరాలు గుమ్మని మోగి, పక్కవి పల్చగా పడేవి.

ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేర్‌తో స్వీప్ తీస్తే (కింది స్థాయి నుంచి పైదాకా జారే ధ్వనిని వినిపించి గదిని కొలవడం) 112 దగ్గర తోక, అంటే ధ్వని ఆగాక కూడా మోగే భాగం, మిగతావాటికన్నా బాగా పొడుగ్గా కనిపించింది. అదే స్వీప్‌లో బీరువా తలుపు కూడా జిర్రుమంది. సందులో పాత చీర ముక్క మడిచి పెట్టాక ఊరుకుంది.

గుడ్ల అట్టల మీద, అంగుళం మందం ఫోమ్ మీద డబ్బు పెట్టకండి. పల్చటి సరుకు స, శ లాంటి సన్నటి ధ్వనుల్నే మింగుతుంది, గుమ్మనే భాగాన్ని ముట్టుకోదు. గది మూగబోతుంది, గొంతు మాత్రం కుండలోంచి వచ్చినట్టే ఉంటుంది.

నేను రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన నారతో చేసే దూది లాంటి సరుకు) తెచ్చాను. ఘనపు మీటరుకు 48 కిలోల రకం, 50 మి.మీ. పలకలు. రెండేసి కలిపి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న చెక్క ఫ్రేముల్లో బిగించాం. అద్దె ఇల్లు, మేకు కొడితే ఓనరు ఊరుకోడు కాబట్టి కార్పెంటర్ చేత కాళ్లు పెట్టించాను. గోడకు ఆనించకుండా రెండంగుళాలు ఎడంగా నిలబెడితే అదే మందం ఇంకాస్త కింది ధ్వనుల్ని కూడా పడుతుంది. గోడను ఆనుకుని గాలి దాదాపు కదలదు మరి. ఫ్రేముల మీద కప్పే గుడ్డకు షాపులో ఒకటే పరీక్ష: నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి పోవాలి. షాపతను వింతగా చూశాడు, చూడనీండి. రెక్సిన్ అసలు పనికిరాదు. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు ఫుల్ చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు తప్పనిసరి.

ఇలా తయారైన పేనెళ్లలో రెండు మూలల్లో అడ్డంగా, ఒకటి నా వీపు వెనక ఉన్నాయి. కార్డియాయిడ్ మైకు తన ముందున్నదాన్నే బాగా వింటుంది, అంటే నాతోపాటు నా వెనక గోడనీ వింటుంది. మైకు వెనకవైపు ఖాళీగా వదిలేసినా పెద్ద నష్టం లేదు.

పేనెళ్లకన్నా ఎక్కువ తేడా తెచ్చింది చాప. 112 హెర్ట్జ్ ఒత్తిడి నేల దగ్గర, స్లాబు దగ్గర, సరిగ్గా మధ్యలో 5 అడుగుల ఎత్తున ఎక్కువ. రెండున్నర, ఏడున్నర అడుగుల దగ్గర దాదాపు సున్నా. నిలబడి పాడితే నా నోరు ఇంచుమించు ఆ 5 అడుగుల దగ్గరే ఉంటోంది! బాసింపట్టు వేసుకుని చాప మీద కూర్చుంటే నోరూ మైకూ రెండున్నర అడుగులకు దిగాయి. పక్క గోడకు కూడా రెండున్నర అడుగుల దూరంలోనే కూర్చుంటున్నాను, అదే లెక్క. గోడ అంత దగ్గరైంది కాబట్టి నాలుగో పేనెల్ అక్కడ పెట్టాను. మైకు నోటికి జానెడు దూరం. ఇప్పుడు పద్యం పాదం చివర దీర్ఘం తెగినచోట గది వెంటపడి రావట్లేదు. కూర్చుంటే పొడుగు సమాసాలకు ఊపిరి చాలట్లేదు గానీ, కింద దిండు వేసుకుని నడుము నిటారుగా పెడితే సర్దుకుంటోంది.

పైన పేనెల్ వేలాడదీద్దామంటే ఫ్యాను అడ్డం. రికార్డింగ్‌లో ఎలాగూ ఫ్యాను ఆపాల్సిందే, చెమటలు పడతాయి. పొడవు వైపు నుంచి వచ్చే 47 హెర్ట్జ్ జోలికి పోలేదు, 80 దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది ధ్వనుల్ని తగ్గించేది) పెడితే గొంతుకు దానితో పని లేదు. బయటి చప్పుడు ఈ పేనెళ్లతో ఆగదు. పక్క ఫ్లాట్ కుక్కర్ విజిలూ, నీళ్ల మోటారూ యథాప్రకారం వినిపిస్తాయి. అందుకే రాత్రి 11 దాటాకే మైకు ఆన్ చేస్తున్నాను. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ కొనాలి. కారిడార్‌లో చెప్పుల చప్పుడు తగ్గినా చాలు.