పవర్ సరిగ్గానే ఉంది, కళ్లే కలిసి రావడం లేదు

నాకు ఎనిమిదో తరగతి నుంచి సైటు. ఇప్పుడు రెండు కళ్లకూ మైనస్ నాలుగున్నర. విశాఖ డాబాగార్డెన్స్‌లో ఒక హోల్‌సేల్ షాపులో అకౌంట్స్ రాస్తాను. పోయిన ఏడాది నుంచి సాయంత్రం అయ్యేసరికి లెడ్జర్‌లో అంకెలు రెండేసిగా కనిపించేవి. ఒక కన్ను మూసుకుంటే మామూలే. కనుబొమల దగ్గర ఒకటే నొప్పి. తప్పు మొత్తం వేస్తానేమోనని టెన్షన్.

అద్దాల షాపుకి రెండుసార్లు వెళ్లాను. "పవర్ కరెక్టేనండి" అన్నారు. అది నిజమే. ఒక్కో కన్నూ విడిగా చార్టు చివరి వరుస దాకా చదివేసేది. రెండూ కలిసి ఎలా చూస్తున్నాయో మాత్రం ఎవరూ చూడలేదు. ఆ బాధ నాకింకా ఉంది.

చివరికి హనుమంతవాక వైపున్న కంటి ఆసుపత్రికి వెళ్లాను. అక్కడ మేడం పెన్ను కొనను నా ముక్కు వైపు తెస్తూ, "రెండుగా కనిపించగానే చెప్పమ్మా" అన్నారు. పదహారు సెంటీమీటర్ల దూరంలోనే రెండైపోయింది. పది లోపలికి వచ్చేదాకా ఒకటిగానే ఉండాలట. కంటికి అడ్డుపెట్టి తీస్తుంటే, అడ్డు వెనక కన్ను బయటికి జరిగిపోతోందని చూపించారు. కన్వర్జెన్స్ ఇన్సఫిషియెన్సీ అన్నారు, అంటే దగ్గరివి చూసేటప్పుడు రెండు కళ్లూ కావలసినంత లోపలికి తిరగకపోవడం.

"చదివేటప్పుడు అద్దాలు తీసేస్తావా?" అని అడిగారు. చిన్నప్పటి నుంచీ అదే అలవాటు. మైనస్ పవర్ వాళ్లకి దగ్గరివి అద్దాలు లేకుండానే తేటగా కనిపిస్తాయి, కంటికి ఫోకస్ శ్రమ ఉండదు. కానీ ఆ ఫోకస్‌తో పాటే కళ్లు లోపలికి తిరగడమూ జరుగుతుంది. ఫోకస్ చెయ్యకపోతే తిరగడానికి ఆ సాయం తగ్గిపోతుంది. అందుకే అద్దాలు ఎప్పుడూ పెట్టుకోమన్నారు.

మూడు రంగుల పూసలున్న దారం ఇచ్చారు. ఒక కొస కిటికీ ఊచకి కట్టి, రెండోది ముక్కుకి ఆనించి, ఒక్కో పూసనీ చూడాలి. దారం రెండుగా కనిపించి, చూస్తున్న పూస దగ్గర గుణకారం గుర్తులా కలవాలి. ఒకటే దారం కనిపిస్తే ఒక కన్ను పని మానేసిందని అర్థం. మొదటి వారం దగ్గరి పూస దగ్గర నాకు అదే జరిగింది, ఏడుపొచ్చింది. అమ్మ పక్కన కూర్చుని టైం చూసేది. "దీంతో పవర్ తగ్గుతుందా?" అని అడిగేది. తగ్గదు, ఇప్పటికీ నాలుగున్నరే.

వారానికోసారి ఆసుపత్రిలో, మిగతా రోజులు ఇంట్లో, పన్నెండు వారాలు చేశాను. చివరి చెకప్‌లో పెన్ను ఏడు సెంటీమీటర్లకి వచ్చేదాకా ఒకటిగానే కనిపించింది. ఈ మార్చి ఎండింగ్‌కి రాత్రి ఎనిమిది దాకా లెడ్జర్లతో కూర్చున్నాను. నొప్పి లేదు. వారానికి రెండు రోజులు మాత్రం దారం కడుతూనే ఉన్నాను.