జక్కయ్య లెక్క

"సగం ఆస్తి బీదలకు పంచేశాక, మిగిలినదానిలోంచి నాలుగంతలు ఎలా చెల్లిస్తాడండీ?" అని, ఈ ఉదయం చెన్నై పెరంబూరులో తెలుగు ఆరాధన జరుగుతుండగా, చీటీల లెక్కలలో తలపండిన పెద్దాయన ఒకరు నా చెవిలో గొణిగారు. పాస్టరుగారు అప్పుడే లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య కథ చదివి ముగించారు. తన ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి ఇస్తాననీ జక్కయ్య యేసుతో అన్న కథ అది.

నవ్వు వచ్చిన మాట నిజమే గాని, ఆ ప్రశ్న చిన్నది కాదు. మోషే ధర్మశాస్త్రం ప్రకారం, తోటివానికి అన్యాయం చేసినవాడు పాపాన్ని ఒప్పుకొని, అసలుకు అయిదో వంతు కలిపి తిరిగి ఇవ్వాలి. నాలుగంతలన్నది గొర్రెను దొంగిలించి, కోసుకున్న లేదా అమ్ముకున్న వాడికి విధించిన శిక్ష. సుంకరులకు, అంటే పన్ను వసూలు చేసేవారికి, పెద్ద అయిన జక్కయ్య, ఎవరూ అడగకుండానే, తనంతట తాను ఆ దొంగ వరుసలో నిలబడ్డాడు.

అయితే అతడు ఈ మాట అనకముందే, తనను చూడడానికి చెట్టెక్కిన అతణ్ణి దిగమని పిలిచి, నీ ఇంట బస చేస్తానని యేసు చెప్పాడు. కాబట్టి ఆ సొమ్మును క్షమాపణకు కట్టిన వెలగా లెక్కించడం తప్పని నా అభిప్రాయం.

యేసును పట్టించిన శిష్యుడు యూదా ఇస్కరియోతు కూడా పాపం చేశానని ఒప్పుకొని, అందుకు పుచ్చుకున్న ముప్పై వెండి నాణేలు తిరిగి తెచ్చాడు. పైకి చూస్తే అతని పశ్చాత్తాపంలో ఏ లోటూ కనిపించదు. కాని అతడు వెళ్ళింది యేసు దగ్గరికి కాదు, యాజకుల దగ్గరికి. యేసు ఎవరో తెలియదని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు, చెల్లించడానికి చేతిలో ఏమీ లేకపోయినా, వెక్కివెక్కి ఏడ్చి, తక్కిన శిష్యుల మధ్యనే ఉండిపోయాడు.