టిన్‌టిన్ కథలు: పుస్తకంలో ఒక వరుస, తెర మీద ఒక నిమిషం

యువ విలేకరి టిన్‌టిన్ సాహసాల బొమ్మల కథలన్నీ ఒక్కొక్కటిగా చదువుతున్నాను. ఒక పుస్తకం పూర్తికాగానే అదే కథకు వచ్చిన కార్టూన్ సీరియల్ భాగాలో, సినిమానో చూసి, రెండింటి మీదా నోట్సు రాసుకుంటున్నాను. పూర్తయిన కథలు 23, వాటిని రాసి గీసిన బెల్జియం చిత్రకారుడు హెర్జే మరణంతో అసంపూర్తిగా ఆగిపోయింది ఒకటి. ప్రస్తుతం ‘ది సీక్రెట్ ఆఫ్ ది యూనికార్న్’, దాని కొనసాగింపు ‘రెడ్ రాకమ్స్ ట్రెజర్’ దగ్గర ఉన్నాను. ఇక్కడి నుంచి ముందుకు కదలబుద్ధి కావడం లేదు. సాహస కథను ఎలా నడపాలో నేర్చుకోవాలంటే ఈ జంట పుస్తకాలు చాలు.

ముందు పుస్తకాల సంగతి. కొన్ని కొత్తవి కొన్నాను, ఎక్కువ భాగం హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో ఏరుకున్నవి. పాతది కొనేటప్పుడు నేరుగా 62వ పేజీ తీసి చూడాలి. కథ ముగిసేది అక్కడే. చివరి కాగితం చిరిగిపోతే మిగతా పుస్తకమంతా ఉన్నా లాభం లేదు. తర్వాత నడిమి పేజీలు కుట్టు దగ్గర వదులయ్యాయేమో చూడాలి. అట్ట పలచగా, పుస్తకం పెద్దగా ఉంటుంది కాబట్టి అలమరలో నిలబెడితే వంగిపోతుంది. నేను అడ్డంగా పేర్చి, వానాకాలంలో మధ్య మధ్య సిలికా జెల్ పొట్లాలు పెడుతున్నాను.

చదివే పద్ధతి: మొదటిసారి పెన్సిల్ ముట్టుకోకుండా కథ కోసమే చదువుతాను. రెండోసారి నోట్సు పుస్తకంలో మూడు నిలువు గీతలు గీసి పేజీ సంఖ్య, ఆ పేజీ చివరి గడిలో, అంటే చివరి బొమ్మలో, కథ ఎక్కడ ఆగింది, తెర మీద అదే చోటు ఎన్నో నిమిషంలో వచ్చింది అని రాసుకుంటాను. నాలుగో నిలువు వరుసలో నా అభిప్రాయం. వీడియోను కంప్యూటర్‌లోనే చూడాలి. టీవీలో కావలసిన చోట ఆపి వెనక్కి జరపడం విసుగు పుట్టిస్తుంది.

ఈ నోట్సులో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. హెర్జే అసలు పేరు జార్జ్ రెమీ. 1929 జనవరి 10న బ్రస్సెల్స్‌లోని ఒక దినపత్రిక పిల్లల అనుబంధంలో టిన్‌టిన్‌ను మొదలుపెట్టినప్పుడు వారానికి కొన్ని పేజీలు దొరికేవి. యుద్ధకాలంలో జర్మన్ల ఆక్రమణలో ఉన్న బెల్జియంలో కాగితం కరువై, ‘లె స్వార్’ దినపత్రికలో రోజుకు ఒక్క వరుస బొమ్మలే వేయవలసి వచ్చింది. యూనికార్న్ కథ 1942లో అలాగే రోజుకో వరుసగా మొదలైంది. నాలుగు గళ్లలో కథ కొంచెం కదలాలి, ఒక నవ్వు రావాలి, రేపటి పత్రిక కోసం ఎదురుచూసేలా ఏదో ఒకటి వేలాడదీయాలి. అదే ఏడాది నుంచి పుస్తకాలు 62 రంగుల పేజీలకు కుదిరాయి. పాత నలుపు తెలుపు కథలను కూడా ఆ కొలతకు కుదించి మళ్లీ గీశారు. అంటే ఈ కథలకు తొలి అనుసరణ చేసింది సినిమావాళ్లు కాదు, హెర్జేనే. నెలకోసారి చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహిక ‘ఇంకా ఉంది’ అని ఆగితే తల్లడిల్లిన మన పాఠకులకు ఈ ఊపు కొత్తగా చెప్పనక్కరలేదు. ఇక్కడ అది ప్రతి నాలుగు గళ్లకూ వస్తుంది.

దీన్ని మా అక్క కూతురి మీద పరీక్షించాను. గట్టి అట్టముక్కతో పేజీలో కింది మూడు వరుసలు మూసి, ఒక్కొక్కటే తెరిచాను. టిన్‌టిన్ పాత సామాన్ల సంతలో ఓడ బొమ్మ కొనగానే ఇద్దరు మనుషులు అది తమకే కావాలని వెంటపడతారు. అక్కడ ఆపాను. “పిన్నీ, అట్ట తియ్యి, ఆ ఓడలో ఏదో ఉంది!” అంది. తియ్యలేదు. ఏముంటుందో చెప్పమన్నాను. బంగారం అంది, పటం అంది, దెయ్యం అంది. చిన్నపిల్లలకు బొమ్మల కథ చదివి వినిపించేవాళ్లు ఈ అట్టముక్క పద్ధతి తప్పక ప్రయత్నించాలి. తొందరగా పేజీ తిప్పేసే పిల్లలు కూడా బొమ్మలో మూలమూలలా వెతుకుతారు.

ఇక తెర. 1991–92లో ఫ్రాన్స్, కెనడా సంస్థలు కలిసి తీసిన కార్టూన్ సీరియల్ 39 భాగాలు. ఎక్కువ కథలకు రెండేసి భాగాలు. యూనికార్న్‌కు రెండు ఇచ్చి, నిధి వేటను మాత్రం ఒక్క భాగంలో ముగించారు. బొమ్మ, రంగు, వాహనాలు, బట్టలు దాదాపు పుస్తకంలోవే. ఎక్కడ కోశారో తెలుసుకోవడానికి నా మూడో నిలువు వరుస చూస్తే చాలు: వరుస చివర్లలోని చిన్న నవ్వులన్నీ పోయాయి, కథ మాత్రం మిగిలింది. నమ్మకంగా తీశారు, ఆ నమ్మకం నాకిష్టం. కానీ ఊపిరి తీసుకునే చోట్లు లేవు.

స్పీల్‌బర్గ్ 2011 సినిమా దీనికి పూర్తిగా వ్యతిరేక దిశ. అమెరికా కంటే ముందే, నవంబరులో, మన దేశంలో విడుదలైంది. మరో టిన్‌టిన్ కథ ‘ది క్రాబ్ విత్ ది గోల్డెన్ క్లాస్’ను యూనికార్న్ కథతో కలిపి, పుస్తకంలో మామూలు ఓడబొమ్మల సేకర్త అయిన సఖారిన్‌ను విలన్‌గా మార్చారు. ఈ మార్పు మీద చాలామంది అభిమానులకు కోపం. నాకు లేదు. ఒక్క దృశ్యం చెబుతాను. పుస్తకంలో టిన్‌టిన్ స్నేహితుడైన నావికుడు కెప్టెన్ హాడాక్ తన ఇంట్లోనే, పూర్వీకుడి టోపీ పెట్టుకుని, కత్తి దూసి, పాత సముద్రయుద్ధాన్ని అభినయిస్తూ చెబుతాడు. ఒక గడిలో గది, పక్క గడిలో ఓడ. చివరికి పూర్వీకుడి చిత్రపటం చిరిగి, అందులోంచి హాడాక్ తల బయటికి వస్తుంది. రెండు గళ్ల మధ్య ఉన్న సన్నని తెల్ల సందులో మనమే వందల ఏళ్లు దాటుతాం. సినిమాలో ఆ సందు ఉండదు. అందుకే హాడాక్‌ను ఎడారిలో నిలబెట్టి, ఇసుక తిన్నెల వెనక నుంచి ఓడను లేపి, ఇసుకను అలలుగా మార్చేశారు. గళ్ల మధ్య తెలుపు చేసే పనిని కెమెరాతో చేయించడమంటే ఇదే. ఆ చోటును ఆపి ఆపి చూశాను. ఇసుక ఎక్కడ నీరయిందో ఒక్క ఫ్రేములో వేలు పెట్టి చూపించలేం.

నాకు నిజంగా లోటనిపించింది నిధి వేటలో కలిసే శాస్త్రవేత్త ప్రొఫెసర్ కాల్క్యులస్ సినిమాలో లేకపోవడం. ఆయన లేడు కాబట్టి సొరచేప ఆకారపు జలాంతర్గామీ లేదు, రేఖాంశం మలుపూ లేదు. ఆ మలుపు ఎంత అందమైనదో పటం తీసి చూశాకే తెలిసింది. ఓడ బొమ్మల్లో దాచిన మూడు తోలుకాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పడితే 20°37′42″ ఉత్తరం, 70°52′15″ పడమర అని వస్తుంది. అక్కడికి వెళితే ఏమీ ఉండదు. పాత పటం గ్రీనిచ్ నుంచి కాక పారిస్ నుంచి లెక్కించి ఉండవచ్చని టిన్‌టిన్‌కు తడుతుంది. పారిస్ రేఖాంశం గ్రీనిచ్‌కు తూర్పున 2°20′14″. తీసివేస్తే 68°32′1″ పడమర, అంటే దాదాపు 240 కిలోమీటర్లు తూర్పుకు జరగాలి. రెండు బిందువులూ డొమినికన్ రిపబ్లిక్‌కు ఉత్తరాన సముద్రంలోనే పడ్డాయి. వాటి నడుమ సిల్వర్ బ్యాంక్ అనే పగడపు దిబ్బలున్నాయి. 1641లో స్పెయిన్ నిధి నౌక ‘కాన్సెప్సియన్’ ధ్వంసమైంది ఆ దిబ్బల మీదే. 1687లో విలియం ఫిప్స్ అక్కడి నుంచి వెండి వెలికితీశాడు. ఇది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్కూలు అట్లాసు చాలు, ఎవరైనా చేయవచ్చు.

తర్వాత చదవబోయేది ‘టిన్‌టిన్ ఇన్ టిబెట్’. విలన్ లేని కథ. మంచులో తప్పిపోయిన స్నేహితుడి కోసం వెతుకులాట. దారిలో ఢిల్లీ వస్తుంది, కుతుబ్ మినార్ వస్తుంది, రోడ్డు మీద పడుకున్న ఆవును దాటబోయి దాని వీపు మీదే ఎక్కిపోయే హాడాక్ వస్తాడు. ఆ కథలో పేజీలు తెల్లబడుతూ పోతాయి కాబట్టి నోట్సులో ఐదో నిలువు వరుస చేరుస్తున్నాను: ప్రతి పేజీలో గీయకుండా వదిలిన చోటు ఎంత, సీరియల్‌లో ఆ చోట్ల సంగీతం పెట్టారా, మౌనం ఉంచారా.