ఓడ ఆగిన ఆ కొన్ని గంటల్లో ఏ ఒడ్డుకు వెళ్లాలి?

కరీబియన్ క్రూజ్ బుక్ చేసుకోగానే చాలామంది మొదట వెతికేది, ఓడ ఆగే దీవుల్లో స్నార్కెలింగ్‌కి, అంటే మాస్క్ పెట్టుకుని గొట్టంతో ఊపిరి తీసుకుంటూ నీటి మీద తేలి అడుగున ఉన్న చేపల్ని చూడడానికి, ఏ చోటు బాగుంటుందో. జాబితాలకు కొదవలేదు. కాకపోతే వాటిలో చాలావరకు ఈత బాగా వచ్చిన ఇద్దరు పెద్దవాళ్లను మనసులో పెట్టుకుని రాసినవి. మన ఇళ్ల నుంచి బయల్దేరేది అలాంటి జంట కాదు. అమెరికాలో పుట్టి, నాలుగేళ్లకే స్విమ్మింగ్ క్లాసుల్లో చేరిన పిల్లలు ఉంటారు. ముప్పై దాటాక, పిల్లల కోసమని పూల్‌లో దిగి కష్టపడి ఈత నేర్చుకున్న అమ్మానాన్నలు ఉంటారు. నీటితో చెలగాటం వద్దని జీవితమంతా చెబుతూ వచ్చిన నానమ్మో అమ్మమ్మో ఉంటారు. మా ఇంట్లో అయితే మా అత్తయ్య.

అందుకే మేం వెతికేటప్పుడు, చేపలు ఎక్కడ ఎక్కువ అని మొదలుపెట్టం. నీళ్లంటే అందరికన్నా ఎక్కువ భయపడే మనిషి ఆ ఒడ్డున హాయిగా ఉండగలరా అని మొదలుపెడతాం. వెతికే పని పిల్లలకే ఇస్తాం. పెద్దమ్మాయికి ఈ పద్ధతి మొదట్లో నచ్చలేదు. తన స్నేహితుల కుటుంబాలు క్రూజ్‌కి వెళ్తే ఎవరికి నచ్చిన టూర్‌కి వాళ్లు వెళ్లి, సాయంత్రం ఓడలో కలుసుకుంటారట. అది తప్పని నేను అనలేదు. కానీ ఏడాదికోసారి వచ్చే నానమ్మను ఓడ మీద కూర్చోబెట్టి మనం చేపలు చూసి రావడం నాకు ఇష్టం లేదని మాత్రం చెప్పాను. "అలాంటి చోటు దొరుకుతుందా అసలు?" అంది. "నువ్వే వెతుకు, నీకు నేను తోడుంటా" అన్నాను.

వెతకడం మొదలుపెట్టాక దానికి ఆసక్తి పుట్టింది, ఎందుకంటే ఇందులో నిజమైన భూగోళశాస్త్రం ఉంది. కరీబియన్ దీవుల మీద ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచి వీస్తుంది. తూర్పు ఒడ్డున అలలు విరుచుకుపడుతుంటే, దీవి అడ్డు ఉండడం వల్ల పడమటి ఒడ్డు ప్రశాంతంగా ఉంటుంది. కొజుమెల్, గ్రాండ్ కేమన్, బొనైర్, బార్బడోస్, ఈ నాలుగింటిలోనూ ఓడలు ఆగేది పడమటి వైపే. అంటే మంచి చోటు కోసం దీవి ఆ చివరికి పరిగెత్తాల్సిన పని చాలాసార్లు ఉండదు. 2011 నుంచి తెగ కొట్టుకొస్తున్న సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కూడా ఎక్కువగా తూర్పు ఒడ్లనే ముంచెత్తుతుంది. తూర్పు బీచ్‌ల ఫోటోలు ఎంత అందంగా ఉన్నా మా అమ్మాయి ఇప్పుడు వాటిని పక్కన పెట్టేస్తుంది.

తర్వాత శాటిలైట్ మ్యాప్. లేత నీలంగా ఉన్న చోట అడుగున ఇసుక. అందులో ముదురు మచ్చలుంటే అవి పగడపు దిబ్బలో, సముద్రపు గడ్డో. గడ్డి అయినా కొట్టేయకూడదు, పచ్చ తాబేళ్లు మేసేది ఆ గడ్డినే. తెల్లటి గీత కనిపిస్తే అక్కడ అల విరుగుతోందని అర్థం, పిల్లలతో అటు వెళ్లకూడదు. వాగు కలిసే చోటు దగ్గర వాన పడ్డాక నీళ్లు మురికిగా ఉంటాయి. ఒడ్డు నుంచి ముదురు మచ్చ దాకా మ్యాప్ మీదే దూరం కొలవొచ్చు. ఈ లెక్కలన్నీ మా పన్నెండేళ్లవాడు కూడా చేయగలడు. చేస్తాడు కూడా, అక్కతో పోటీపడి.

గ్రాండ్ కేమన్ విషయంలో ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. అక్కడ పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తాయి, టెండర్ బోట్లనే చిన్న పడవల్లో జార్జ్‌టౌన్ ఒడ్డుకు చేరాలి. దిగిన చోటు నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఈడెన్ రాక్ ఉంది. పగడాలూ చేపలూ దండిగా ఉంటాయి. అబ్బాయి ఓటు దానికే. కానీ అక్కడ ఇసుక లేదు, గరుకు రాళ్ల ఒడ్డు మీంచి మెట్లు దిగితే నేరుగా లోతు నీళ్లే. "నానమ్మ ఎక్కడ కూర్చుంటుంది? నాన్న ఆయాసపడితే ఎక్కడ నిలబడతాడు?" అని అక్క అడిగింది. వాడి దగ్గర జవాబు లేదు. తను చూపించింది సెవెన్ మైల్ బీచ్‌కి ఉత్తరపు కొసన ఉన్న సెమెటరీ బీచ్. ఇసుక ఒడ్డు, చెట్ల నీడ, నెమ్మదిగా లోతయ్యే నీళ్లు. పగడపు దిబ్బ దాకా కాస్త ఈదాలి. టాక్సీ ఎక్కాలి. పేరు వినగానే అత్తయ్య, "శ్మశానం పక్కన పిల్లలతో ఏం పనమ్మా?" అన్నారు. అమ్మాయి ఫోన్ తీసుకెళ్లి పక్కన కూర్చుని, ఎక్కడ నీడ ఉంటుందో, ఎక్కడ ఇసుక ఉంటుందో, వాళ్లు ఎంత దూరం ఈదుతారో, ఆవిడకు ఎంతవరకు కనిపిస్తారో అంతా వేలితో చూపించింది. తెలుగులోనే చెప్పింది, మధ్యలో తడబడుతూ, నన్ను అడిగి తెలుసుకుంటూ. నానమ్మను ఒప్పించాలంటే వేరే దారి లేదు మరి. ఆవిడ చివరికి, "నువ్వు చూశావు కదా, సరే పద" అన్నారు.

స్టింగ్‌రే సిటీ గురించి కూడా చెప్పాలి. కేమన్ ఉత్తరాన ఒడ్డుకు దూరంగా, పడవలో వెళ్లాల్సిన ఇసుక మేట అది, నీళ్లు నడుము దాకానే ఉంటాయి. జాలరులు ఒకప్పుడు అక్కడ చేపలు శుభ్రం చేసి వ్యర్థాలు పారేసేవారు. అలా అలవాటుపడ్డ స్టింగ్‌రేలు, అంటే తోకలో ముల్లుండే చదునైన చేపలు, ఇప్పటికీ మనుషుల చుట్టూ తిరుగుతాయి. ఈత రానివాళ్లు నిలబడి సముద్ర జీవిని కళ్లారా చూడగలిగే చోట్లు తక్కువ, అందుకే పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇది మంచిదంటాను. పాదాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలి. పడవ ఎక్కడం దిగడం మాత్రం మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టమే.

బార్బడోస్‌లో కార్లైల్ బే మాలాంటి కుటుంబాలకు ఇంకా తేలిక. ఓడ రేవుకు దగ్గర, మెత్తని ఇసుక. తాబేళ్లు వస్తాయి. 1919లో మునిగిన బెర్విన్ అనే టగ్ బోటు తక్కువ లోతులోనే ఉండడం వల్ల పైనుంచి తేలుతూనే చూడొచ్చు. బొనైర్ అలా కాదు. 1979 నుంచి దీవి చుట్టూ నీళ్లన్నీ మెరైన్ పార్క్ అనే రక్షిత ప్రాంతం, అందుకే పగడాలు గొప్పగా ఉంటాయి. రోడ్డు పక్కన పసుపు రంగు రాళ్ల మీద చోటు పేరు రాసి ఉంటుంది, అక్కడే దిగొచ్చు. కానీ చాలా చోట్ల ఒడ్డంతా విరిగిన పగడపు ముక్కలే. పాదాలకు గట్టి వాటర్ షూస్ ఉండాలి, పెద్దవాళ్లు కూర్చోవడానికి నీడ వెతుక్కోవాలి. పిల్లలు పెద్దవాళ్లయ్యాక అయితే నా మొదటి ఓటు బొనైర్‌కే.

నీళ్లలో దిగాక మా ఇంట్లో పెద్దరికం తారుమారవుతుంది. మా ఆయన పూల్‌లో బాగానే ఈదుతారు, సముద్రంలో మాస్క్ పెట్టుకోగానే ఊపిరి బిగబడతారు. అబ్బాయి పక్కనే తేలుతూ, "నాన్నా, తొందరపడకు. మెల్లగా వదులు. నా చెయ్యి పట్టుకో" అంటాడు. మా చిన్నప్పుడు నాన్నకు ఇలా చెప్పడం మేం ఊహించను కూడా లేదు. తెలియనిది పెద్దవాళ్లకు పిల్లలు చెప్పడం ఎదురు మాట్లాడడం కాదని మేం ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆయన వినడం చూసి పిల్లల్లో వచ్చిన మార్పు నాకు బాగా తెలుసు. తమ మాటకు ఇంట్లో విలువ ఉందని అర్థమయ్యాక, మేం వద్దన్న చోట వాళ్లు వాదించడం తగ్గించారు.

వద్దనాల్సిన చోట్లు ఉన్నాయి కూడా. ఇక్కడి పిల్లలకు పూల్ ఇచ్చిన ధైర్యం సముద్రంలో సరిపోదు. పూల్‌లో ప్రవాహం ఉండదు, గట్టు ఎప్పుడూ చేతికందే దూరంలో ఉంటుంది. కొజుమెల్ ఒడ్డున నీటివాలు చాలా రోజులు దక్షిణం నుంచి ఉత్తరానికి, కొన్నిసార్లు బాగా జోరుగా ఉంటుంది. అందుకని మా నియమం ఒకటే. వెళ్లేటప్పుడు ఎదురీత, తిరిగొచ్చేటప్పుడు వాలు. అలసిపోయాక నీరే మనల్ని దిగిన చోటు వైపు తేవాలి. ఇద్దరిద్దరుగానే వెళ్లాలి, ఒకరు కిందికి మునిగితే రెండోవారు పైనుంచి చూస్తుండాలి. తేలడానికి సాయపడే వెస్ట్ పిల్లలకు తప్పనిసరి, మాకూ తప్పనిసరే. స్నార్కెలింగ్ చేస్తూ మునిగిపోతున్న మనిషి చాలాసార్లు చేతులు ఊపడు, అరవడు. తల నీళ్లలో పెట్టి చేపలు చూస్తున్నట్టే ఉంటాడు. ఇది పిల్లలకు భయపెట్టకుండా, కానీ స్పష్టంగా చెప్పాలి.

మాస్క్ సంగతి రెండు మాటల్లో చెప్తాను. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీలిస్తే అతుక్కుని నిలవాలి, నిలవకపోతే అది ఆ బిడ్డకు సరిపోదు. ఇంటి దగ్గరే చూసుకుని సొంత మాస్కులు తీసుకెళ్లండి.

ఇక మా అత్తయ్య పని. ఆవిడ ఊరికే కూర్చోవడానికి రారు. నీళ్లలో ఉన్నవాళ్లకు టైమ్ తెలియదు, తల ఎత్తి ఒడ్డు చూడడం కూడా మరిచిపోతారు. మా అందరి లెక్క ఆవిడ చేతిలో ఉంటుంది. ఎర్ర తువ్వాలు ఎత్తి ఊపితే నీళ్లలో ఎంత అద్భుతం కనిపిస్తున్నా వెనక్కి రావాల్సిందే. "ఇంకో ఐదు నిమిషాలు నానమ్మా" అన్న బేరం చెల్లదు. ఈ పని పెట్టాక ఆవిడకు సముద్రం అంటే భయం పోయిందని చెప్పను, కానీ బీచ్‌కి రావడానికి అందరికన్నా ముందు తయారవుతున్నారు.

ఆ టైమ్ విషయంలో కొజుమెల్ దగ్గర జాగ్రత్త. ఆ దీవి ఉన్న మెక్సికోలోని క్వింటానా రూ రాష్ట్రం 2015 నుంచి వేసవికి గడియారం గంట ముందుకు జరపడం మానేసింది. వేసవిలో అక్కడి టైమ్ ఫ్లోరిడా కంటే గంట వెనక ఉంటుంది. ఓడ ఫ్లోరిడా టైమ్‌లోనే నడుస్తుంటే, ఫోన్ మాత్రం దానంతటదే దీవి టైమ్‌కి మారిపోతుంది. ఇంకో గంట ఉందనుకుంటాం, ఉండదు. అత్తయ్య చేతికి మామూలు వాచ్ పెట్టి, ఓడ టైమ్‌కి సరిచేసి ఇస్తాం. బయల్దేరే టైమ్‌కి కనీసం అరగంట ముందే అందరూ ఓడెక్కేయాలి. ఓడవాళ్ల టూర్‌లో వెళ్లినవారు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది లేదా వాళ్లే చేర్చే ఏర్పాటు చేస్తారు, సొంతంగా వెళ్లినవారికోసం ఆగదు. అందుకే మ్యాప్ మీద ఎంత బాగున్నా, రేవు నుంచి గంటకు పైగా పట్టే చోటును మేం తీసేస్తాం. సెయింట్ జాన్ దీవిలో నీటి అడుగున పలకలు పాతి దారి చూపించే ట్రంక్ బే చూడాలని పిల్లలకు ఎంతో ఆశ. ఓడ ఆగేది సెయింట్ థామస్‌లో, అక్కడి నుంచి రోడ్డు, ఫెర్రీ, మళ్లీ రోడ్డు. అత్తయ్యతో ఆ పరుగు వద్దనుకున్నాం.

ఫోటోలు చూసి చోటు ఎంచుకునేవారు అవి ఏ ఏడాదివో చూడండి. ఫ్లోరిడాలో 2014లో బయటపడిన పగడాల తెగులు 2018కల్లా కొజుమెల్ చేరింది. 2023 వేసవిలో కరీబియన్ నీళ్లు విపరీతంగా వేడెక్కి చాలా చోట్ల పగడాలు తెల్లబడిపోయాయి. ముందరి ఫోటోల్లోని రంగులు ఇప్పుడు కనిపించకపోవచ్చు. మా అబ్బాయి ఒక చోట తెల్లగా, బోసిగా ఉన్న దిబ్బ చూసి పైకొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. పగడం రాయి కాదు, జీవి అని, దానికి తిండి పెట్టే సూక్ష్మమైన నాచు వేడికి వదిలి వెళ్లిపోతే తెల్లబడుతుందని వాడికి తెలుసు. కళ్లతో చూడడం వేరు. ఆ సాయంత్రం అదంతా నానమ్మకు వాడే వివరించాడు. ఆవిడ "మళ్లీ బతకవా?" అని అడిగారు. నీళ్లు త్వరగా చల్లబడితే కొన్ని కోలుకుంటాయని చెప్పాడు. మేం మధ్యలో కల్పించుకోలేదు.

అప్పటి నుంచి సన్‌స్క్రీన్ డబ్బా వెనక చదివే పని వాడిదే. యు.ఎస్. వర్జిన్ ఐలాండ్స్ 2020లో, బొనైర్ 2021లో పగడాలకు హాని అని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను నిషేధించాయి. మేం ఒంటినిండా కప్పే రాష్ గార్డులు వేసుకుంటాం. అత్తయ్యకు కూడా పిల్లల బట్టల గురించిన ఇబ్బంది దానితో తీరిపోయింది, ఎవరూ ఎవరికీ నచ్చచెప్పాల్సిన పని లేకుండా.

శీతాకాలం సెలవుల్లో వెళ్లేవారికి ఇంకో మాట. చలిగాలులు ఉత్తరం నుంచి దిగినప్పుడు ఇంతసేపూ చెప్పిన లెక్క తిరగబడుతుంది. పడమటి ఒడ్డుకే అలలు కొడతాయి. కేమన్‌లో అలాంటి రోజున టెండర్ బోట్లు తిరగలేకపోతే ఓడ దక్షిణం వైపు స్పాట్స్‌కి వెళ్తుంది, లేదా అసలు ఆగకుండా సాగిపోతుంది. అందుకే అమ్మాయి ఇప్పుడు ప్రతి దీవికీ రెండు చోట్లు చూసి పెడుతుంది, తూర్పు గాలికి ఒకటి, ఉత్తరపు గాలికి ఒకటి. ముందురోజు రాత్రి గాలి ఎటు నుంచో చూసి, ఏ ఒడ్డో నానమ్మకు చెప్పి పడుకుంటుంది. రెండూ బాగోకపోతే దిగం అని కూడా తనే చెబుతుంది.