పద్యం నేర్పిన ఊపిరి

పద్యనాటకాల నుంచి సీరియల్స్‌కి వచ్చిన నటుణ్ణి నేను. స్టేజీ మీద చివరి వరుసలో కూర్చున్న పెద్దాయనకి కూడా ప్రతి అక్షరం వినపడాలి, చెయ్యి భుజం దాటి లేవాలి. క్లోజప్‌లో అదే చేస్తే అతి అయిపోతుంది. గొంతు తగ్గించాను, చూపు తగ్గించాను. ఊపిరి మాత్రం నాటకానిదే. రాగం లాగడానికి పొట్టలోంచి తీసిన ఆ ఊపిరే ఇవాళ్టికీ డబ్బింగ్‌లో పెద్ద డైలాగ్‌ని ఒక్క ముక్కగా చెప్పిస్తోంది. అందుకే కొత్తగా వచ్చే పిల్లల్ని ముందు పద్యం నేర్చుకోమంటాను. వన్స్‌మోర్ల కోసం కాదు, శ్వాస కోసం.

సురభి వాళ్లని చూస్తే నాకు అసూయ. 1885లో కడప జిల్లాలో మొదలైన ఆ నాటక కుటుంబాల్లో తల్లీ, కొడుకూ, మనవరాలూ ఒకే స్టేజీ మీద ఉంటారు. ఇల్లూ వృత్తీ వాళ్లకి వేరు కాదు.

మాకు వేరే. సీరియల్‌లో కూతురి అప్పగింతలకి ఏడుస్తున్న రోజున మా అమ్మాయి ఇంట్లో జ్వరంతో పడుకుంది. ఆ సీన్ చాలామంది మెచ్చుకున్నారు. మా ఆవిడ ఇప్పటికీ చూడలేదు, ఆ బాధ నాకు అర్థమవుతుంది. ఇప్పుడు డేట్లు ఇచ్చే ముందు ఇంట్లో అడుగుతున్నాను. కొన్ని వేషాలు చేజారాయి. అయినా మేనేజర్లకి ముందే చెప్పేస్తున్నాను.